తల్లి చెట్టు నుంచి తీసిన కొమ్మ

మా తమ్ముడు సత్తిరాజు నన్ను మొట్టమొదట ‘మీరు’ అన్నది మందార మొక్కల మడి దగ్గర.

"కాస్త పక్కకి జరుగుతారాండీ, మీ మీద నీళ్ళు పడతాయి" అన్నాడు, గొట్టం పట్టుకుని.

వేళాకోళం అనుకున్నాను. మా గోదావరి వైపు చంటిపిల్లల్ని కూడా ‘అండీ’ అని ఆటపట్టించడం ఉంది. అందుకని నేనూ "అలాగేనండి సత్తిరాజు గారూ, తమరి చిత్తం" అని వాడి మొహంలోకి చూశాను, నవ్వుతాడని. వాడు మర్యాదగా తలూపి, నేను జరిగేదాకా గొట్టం మడిచి పట్టుకుని నిలబడ్డాడు.

అంతకుముందైతే, నీళ్ళు పెట్టడం అయ్యాక వాడు చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి, చల్లటి తడి చెయ్యి నా మెడ మీద పెట్టేవాడు. చిన్నప్పటి అలవాటు. నేను ఉలిక్కిపడి తిట్టాలి, వాడు నవ్వాలి. మా అమ్మ పోయేటప్పటికి వాడు నడక నేర్చి ఎన్నాళ్ళో కాలేదు. నా చంక దిగకుండా పెరిగాడు. నాకు పెళ్ళయి వెళ్ళిపోతుంటే బస్సు వెనక పరిగెత్తాడు. మా ఆయన పోయాక నేను తిరిగి వచ్చిన రోజున బస్సు స్టాండులో నా పెట్టె అందుకుని, కుళాయి దగ్గరికి వెళ్ళి, చెయ్యి తడుపుకొచ్చి నా మెడ మీద పెట్టాడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మనుషులు గుమ్మం దాటి వెళ్ళడం నాకు పడదు. పాలవాడు ఆలస్యమైనా ప్రాణం కొట్టుకుంటుంది. అందుకే ఆ రోజు మందార మడి దగ్గర ‘మీరు’ అన్న మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. వాడు ఎక్కడికీ వెళ్ళలేదు. ఎదురుగానే ఉన్నాడు. అయినా ఎవరో వెళ్ళిపోయినట్టు అనిపించింది.

*

మాది కడియంలో నర్సరీ. మా నాన్న వేసిన తోట. నేను, సత్తిరాజు, వాడి కూతురు కుముద, ఇదే మా ఇల్లు. కుముద తల్లి పురిట్లోనే పోతే ఆ పిల్లనీ నేనే పెంచాను. అది బాగా చదువుకుని, కాకినాడలో మనుషుల జ్ఞాపకాల మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో చేరింది.

మొక్కలు పెంచడం సత్తిరాజుకి పుట్టుకతో వచ్చింది. అమ్మడం రాదు. రోజులు మారాయి. ఇదివరకు కొనేవాళ్ళు తోటకొచ్చి ఆకు తిప్పి చూసి కొనేవారు. ఇప్పుడు పెద్ద పెద్ద కాలనీలు, హోటళ్ళు, రోడ్డు మధ్య వేసే మొక్కలు, అన్నీ ఎవరో ఒకరికి తెలిసినవాళ్ళ ద్వారానే పోతున్నాయి. వాడికి ఎవరూ తెలియదు. అమ్ముడుపోని మొక్కలు కవర్లు చీల్చుకుని నేలలోకి వేళ్ళు దించేశాయి. అలా దించేసిన మొక్క ఇంక అమ్మకానికి పనికిరాదు. తోటలో పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరూ వేరేచోట పని చూసుకుంటున్నారు.

రాజమండ్రిలో ఒక హోటల్లో నెలనెలా వ్యాపారస్తుల పరిచయ సభ జరిగేది. ఛాతీకి పేరు బిళ్ళ తగిలించుకుని, కాఫీ కప్పు పట్టుకుని, కార్డులు ఇచ్చిపుచ్చుకుంటారు. కుముద పోరు పెడితే సత్తిరాజు వెళ్ళేవాడు. గోడవారగా నిలబడి తిరిగొచ్చేవాడు.

"ఎవరితో మాట్లాడావురా?" అని అడిగితే, "ఆ హోటలోళ్ళు కుండీలకి నీళ్ళు ఎక్కువ పోసేత్తున్నారక్కాయ్. వేళ్ళు కుళ్ళిపోతాయి. ఆ సంగతి వాచ్‌మేన్‌కి చెప్పొచ్చాను" అనేవాడు.

"వాచ్‌మేన్ ఆర్డరిచ్చాడా?"

"టీ ఇచ్చాడు."

కుముద ఒక కంకణం తయారుచేసింది, ఈ నాన్న కోసమే. పైకి మాత్రం ప్రయోగశాల కోసం అని చెప్పింది.

"అత్తా, తెలిసిన మొహం కనబడగానే లోపల ఏదో సర్దుకుంటుంది చూడు, ‘మనవాళ్ళే’ అని" అంటూ నా ఎదురుగా కూర్చుని చెప్పింది. "అది పేరు గుర్తుండటం కాదు. పేరు మర్చిపోయినా అది ఉంటుంది. అదెక్కడ పుడుతుందో మాకు దొరికింది. దాన్ని కొత్త మొహానికి అంటు కట్టొచ్చు."

ముందు మేకల మీద చూసింది, మా తోటలోనే. వేరువేరు మందల మేకలు రెండింటిని తెచ్చి మెడలకి పట్టీలు కట్టింది. కొమ్ములు దించుకుని నిలబడిన ఆ రెండూ కాసేపటికి ఒకే కొమ్మ ఆకు తింటూ ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. మా అందరికీ ఆశ్చర్యం. అందులో ఒకదానికి పిల్ల ఉంది. ఆ పూట నుంచి తల్లి దాన్ని వాసన చూసి తల తిప్పేసుకునేది. పిల్ల అరుస్తూ దాని వెనకే తిరిగేది.

"పాలు మానిపించే వయసేలే అత్తా" అంది కుముద. నేను సీసాతో పాలు పట్టాను.

మనుషులకి చేసిన కంకణం సన్నగా, రాగి రంగులో ఉండేది. సభలో ఎదుటివాడి చేతికీ కంకణం ఉండి, ఒకరి అవసరం మరొకరికి సరిపోయేదైతే, అది గోరువెచ్చబడుతుంది. అప్పుడు ఇద్దరూ కూర్చుని కాఫీ తాగాలి. తాగేలోపు అంటు పడుతుంది. దానికేం పేరు పెట్టమంటావని కుముద అడిగితే, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పాత పుస్తకంలో చదివిన మాట చెప్పాను: నెయ్యం. స్నేహానికి పాత పేరు. కుముదకి నచ్చింది. సభలో వాళ్ళకి ఇంకా నచ్చింది.

*

మొదటిసారి సత్తిరాజుతో నేనూ వెళ్ళాను, భయంగా ఉండి. వాడు ఎప్పటిలాగే కుండీ దగ్గర నిలబడ్డాడు. ఇంతలో మణికట్టు చూసుకుని, "వేడెక్కిందక్కాయ్" అన్నాడు. అవతల ఒకాయన కూడా తన చెయ్యి చూసుకుంటున్నాడు. పేరు ఫణిభూషణ్. విశాఖపట్నంలో కట్టే పెద్ద కాలనీలకి తోటలు వేయించే కాంట్రాక్టరు.

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. మా వాడు కాఫీ వంక, ఆయన ఫోను వంక చూసుకుంటూ కాసేపు. తర్వాత సత్తిరాజు ఏదో అన్నాడు. ఆయన నవ్వాడు. చూస్తుండగానే వాళ్ళ కుర్చీలు దగ్గరకి జరిగాయి. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే తోటలో జామకాయలు దొంగిలించినవాళ్ళలా బల్ల చరుచుకుంటూ మాట్లాడుకుంటున్నారు. కాఫీ అయ్యేసరికి ఫణిభూషణ్, "ఏంటి రాజూ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావ్? మొక్కలన్నీ నీ దగ్గరే తీసుకుంటా" అన్నాడు. మా వాడు "ఒరే ఫణీ" అన్నాడు. పేరు చివర గారు లేకుండా ఎవరినీ పిలవనివాడు.

ఇంటికొస్తూ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు సంతోషమే. కానీ బస్సు దిగేటప్పుడు ఎప్పుడూ చెయ్యి అందించేవాడు, ఆ రోజు అందించలేదు. కొత్త ఉత్సాహంలో మరిచిపోయాడనుకున్నాను.

తర్వాతి సభల్లో మరో నలుగురు దొరికారు. హోటల్ ఆయన ఒకరు, రోడ్ల పనులాయన ఒకరు, ఇలా. లారీలు మళ్ళీ మా గేటు ముందు ఆగాయి. వెళ్ళిపోయిన పనివాళ్ళు తిరిగొచ్చారు. కవర్లు తెప్పించాం. తోట ఊపిరి పీల్చుకుంది.

అదే సమయంలో వాడు నా గదిలోకి వచ్చేముందు తలుపు తట్టడం మొదలెట్టాడు. అన్నం వడ్డిస్తుంటే "చాలండి, చాలండి" అనేవాడు. నేను దగ్గితే లేచి వచ్చి వీపు రాసేవాడు, ఇప్పుడు "డాక్టరుకి చూపించుకోవలసింది" అంటున్నాడు. ఇదంతా పెద్దవాళ్ళతో తిరిగి నేర్చుకున్న మర్యాదలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మందార మడి దగ్గర ‘మీరు’ అన్నప్పుడు కూడా, వేళాకోళం కాదని తెలిశాక, అలాగే చెప్పుకున్నాను.

ఒక రోజు ఫణిభూషణ్ తోటకొచ్చాడు. నేను అరుగు మీద కూర్చుని గులాబీ కొమ్మలు సరిచేస్తున్నాను. సత్తిరాజు నీళ్ళు పెట్టడం ముగించి గొట్టం కింద పడేశాడు. అడుగులో అడుగు వేసుకుంటూ ఫణిభూషణ్ వెనక్కి వెళ్ళాడు. చెయ్యి అతని మెడ మీద పెట్టాడు.

ఫణిభూషణ్ ఉలిక్కిపడి "ఛీ, నీ చెయ్యి పాడుగాను!" అని తిట్టాడు. మా తమ్ముడు నవ్వాడు. అది అచ్చం ఆ నవ్వే.

నా చేతిలో ముల్లు దిగింది. వాడు చూసి, "అయ్యో, చూసుకోండి" అని, దూది తేవడానికి లోపలికి వెళ్ళాడు.

*

కుముదకి ఫోన్ చేసి, ఏడవకూడదనుకుంటూనే ఏడుస్తూ చెప్పాను.

"ఫణిభూషణ్ గారి భార్య కూడా ఫోన్ చేసిందత్తా" అంది అది. "‘మా ఆయన నన్ను ఇంటికొచ్చిన చుట్టంలా చూస్తున్నాడు, మీ కంకణానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా’ అని అడిగింది. లేదని చెప్పాను. నాన్నని తీసుకుని రా. రేపే రా."

కారులో సత్తిరాజు నాకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. "మీకు ఏసీ పడుతుందాండీ? తగ్గించమంటారా?" అని అడిగాడు. కాకినాడ చేరేదాకా ఇద్దరం ముందున్న లారీని చూస్తూ కూర్చున్నాం.

ప్రయోగశాలలో కుముద వాడి తలకి తీగలు అతికించి తెర వెలిగించింది. నర్సరీలో పెరిగిన పిల్ల కదా, మనిషి బంధాలన్నిటినీ చెట్టు బొమ్మలా చూపించేలా చేసుకుంది. లావు కొమ్మ అంటే గట్టి బంధం. తెర మీద ఒక చెట్టు లేచింది. పై చివర అయిదు చోట్ల కొత్త అంట్లు పచ్చగా ఉన్నాయి. కింద, మానుకి దగ్గరగా, అన్నిటికంటే లావైన కొమ్మ ఉండవలసిన చోట ఒక మోడు. దాని మీద అయిదు కోతలు.

"అది నువ్వు" అంది కుముద.

నేను తెర దగ్గరికి వెళ్ళి ఆ కోతలు మళ్ళీ లెక్కపెట్టాను.

"నేను కొమ్మ కోస్తున్నానని నాకు తెలుసత్తా" అంది అది, తెర వంకే చూస్తూ. "నకలు తీస్తే అంటు నిలవలేదు. అందుకని కొమ్మే తియ్యాలనుకున్నాను. బలమైన తల్లి చెట్టు నుంచే కొమ్మ తియ్యాలి, నీరసం చెట్టు కొమ్మకి అంటు పట్టదు అని చిన్నప్పుడు నువ్వే నేర్పావు కదా. అందుకే అన్నిటికంటే గట్టి బంధం ఏదో వెతికి, అక్కడినుంచే తియ్యమని కంకణంలో రాశాను. బలమున్న చెట్టు, మళ్ళీ చిగురేసుకుంటుందిలే అనుకున్నాను. మామిడి వేస్తుంది, జామ వేస్తుంది, గులాబీ ఎంత కోస్తే అంత వేస్తుంది. కోస్తే చిగురెయ్యని చెట్టుని నేనెప్పుడూ చూడలేదత్తా."

నేను చూశాను. తాటి, కొబ్బరి. నడినెత్తిన ఉండే మొవ్వు నరికితే అంతే, చెట్టు నిలబడే చచ్చిపోతుంది. వాటికి ఎవరూ అంటు కట్టరు గనక మా తోటలో పెరిగిన పిల్లకి ఆ ధ్యాసే రాలేదు.

"మేకపిల్ల చెప్పిందత్తా" అంది కుముద. "రోజూ అరిచి చెప్పింది. పాలు మానే వయసని నేనే అన్నాను."

సత్తిరాజు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "నాకేం బాధగా లేదే కుముదా. ఈవిడ మా అక్కగారని నాకు తెలుసు. నన్ను ఎత్తుకుని పెంచారనీ తెలుసు. చదువుకున్న పాఠం తెలిసినట్టు అన్నీ తెలుసు." నా వైపు తిరిగాడు. "మీరు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకు తోచట్లేదండి. క్షమించండి."

ఆ మాటకి నా ఏడుపు ఆగిపోయింది. ఎవరో తెలియని మనిషి ముందు ఏడ్చినందుకు సిగ్గేసినట్టయింది.

"తిరిగి తేలేవా?" అని కుముదని అడిగాను.

"వేరుపోసుకున్న అంటుని తెచ్చి పాత మోడుకి అతికించలేం. కానీ…" అది లేచి బీరువాలోంచి రెండు కంకణాలు తెచ్చింది. "నువ్వు కొత్త మనిషివి అన్నట్టు నాన్నకి పరిచయం చెయ్యొచ్చు. నీ వైపు నుంచి ఏమీ తియ్యకుండా ఆపేస్తాను. నాన్న వైపు నుంచి మాత్రం ఇంకో కొమ్మ తియ్యాలి."

తెర వంక చూశాను. మోడు పక్కన రెండో లావు కొమ్మ నిండుగా ఉంది.

"అది నువ్వు" అన్నాను.

"నాకేం ఫర్వాలేదు. తప్పు చేసింది నేను. నాకు ఉద్యోగం ఉంది, స్నేహితులున్నారు. నీకు నాన్న తప్ప ఎవరున్నారు? పెట్టుకో అత్తా."

వద్దు అనలేదు నేను. పెట్టుకున్నాను. అరవై ఏళ్ళుగా నావాడైన మనిషి రెండు అడుగుల దూరంలో కూర్చుని చుట్టంలా చూస్తుంటే, ఎంతటిదానికైనా చెయ్యి చాపాలనిపిస్తుంది. సత్తిరాజు కూడా, కూతురు చెప్పింది గనక, పెట్టుకున్నాడు. నా మణికట్టు దగ్గర గోరువెచ్చబడింది. కంకణం లెక్కలో మేమిద్దరం ఒకరికొకరం బాగా పనికొచ్చే పరిచయస్తులం.

కుముద మీటల మీదికి వంగింది.

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావే?" అన్నాడు సత్తిరాజు హఠాత్తుగా. "మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. ఈ మిషన్ల మధ్య కూర్చుని నీకు తిండి ధ్యాసే ఉండదు." చొక్కా జేబులోంచి జామపండు తీసి, పంచె అంచుతో తుడిచి, ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "మన వెనక చెట్టుదే. పండిన వైపు నుంచి కొరుకు."

కుముద దాన్ని పట్టుకుని నిలబడింది. వాడు ఆ పిల్ల మొహం చూస్తున్న చూపు ఒకప్పుడు నా మీద ఉండేది.

నేను కంకణం తీసేసి బల్ల మీద పెట్టాను.

"అత్తా, ఆలోచించుకో. ఇంకా—"

"ముందు ఆ పండు తినవే" అన్నాను. "ఒకళ్ళని గెంటేసి ఆ చోట్లో నేను కూర్చోలేను. అదీ నిన్ను."

*

కుముద కంకణాలన్నీ వెనక్కి తెప్పించింది. ఫణిభూషణ్ భార్య దగ్గరికి తనే వెళ్ళింది. సభలో వాళ్ళందరికీ జరిగింది దాచకుండా చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు ఇంటికి పరిగెత్తి, తమకి ఎవరు కొత్తయిపోయారో వెతుక్కున్నారు. ఇద్దరు మాత్రం పక్కకి పిలిచి, ఇంకొక్కసారి వాడుకోనివ్వమని బతిమాలారట. కంకణాలు కరిగించేదాకా అది నిద్రపోలేదు. తర్వాత ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఊరూరా తిరిగి, అలా కొత్తయిపోయినవాళ్ళ ఇళ్ళల్లో కూర్చుంటోంది. మోడు మీద చిగురు వేయించే ఉపాయం ఇంకా దొరకలేదు. వచ్చినప్పుడల్లా వాళ్ళ నాన్న దానికి ఏదో ఒక పండు దాచి ఉంచుతాడు.

నేను మాత్రం ఒక పొద్దున్న ఉతికిన చీర కట్టుకుని, తోటలో సత్తిరాజు బల్ల ముందు నిలబడ్డాను.

"నా పేరు వరహాలమ్మండి" అన్నాను. "అంట్లు కట్టడం వచ్చు. మీ దగ్గర పనేమన్నా ఉంటుందా అని."

వాడు తెల్లబోయి చూశాడు. ఇంట్లో ఉండే మనిషి ఇలా వచ్చి అడగడమేమిటని కాబోలు. తర్వాత నిదానంగా లేచి, కుర్చీ చూపించాడు. "కూర్చోండి. గూటీలు కట్టగలరా?"

"కడతానండి."

నిజానికి ఆ పనిలో నాకు చెడ్డపేరు. గూటీ అంటే, కొమ్మకి ఉంగరంలా బెరడు వలిచి, తడి నాచు చుట్టి, కట్టు కట్టి వదిలేయడం. కట్టులోపల చీకట్లో వేళ్ళు పుట్టాలి. మా చిన్నతనంలో గోనెగుడ్డతో కట్టేవారు. నేను ఆగలేక, వేరొచ్చిందో లేదో అని రోజూ విప్పి చూసేదాన్ని. గాలి సోకి ఎండిపోయేవి. "మా అక్కాయ్ చూపు తగిల్తే చాలు, కొమ్మ సచ్చిపోద్ది" అని సత్తిరాజు తోటంతా చాటేవాడు.

ఇప్పుడు రోజూ వాడి పక్కన కూర్చుని గూటీలు కడుతున్నాను. మొదట్లో వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. తర్వాత చీడల గురించి. ఒకసారి, "మీ చేతి కట్టు బిగువుగా ఉంటుందండి" అన్నాడు. ఇంకోసారి, టీ తెచ్చినప్పుడు, నేను చక్కెర వేసుకోనని అడగకుండానే గుర్తుంచుకున్నాడు. అది పాఠంలోంచి వచ్చిందో, ఈ నెలల్లో చూసి నేర్చుకున్నదో నాకు తెలియదు. నోటిదాకా వచ్చింది అడగాలని. ‘సత్తీ, ఏమన్నా తెలుస్తోందిరా?’ అని. పళ్ళ బిగువున ఆపుకున్నాను. టీ తాగేశాను.

వానలు మొదలయ్యాయి. ఈ ఉదయం తెరిపిచ్చాక దానిమ్మ మడి దగ్గర కూర్చుని, బెరడు వలిచిన కొమ్మకి నాచు చుడుతున్నాను. నా వెనక వరసలో, వాన అందని పందిరి కింద, సత్తిరాజు గొట్టంతో నీళ్ళు పెడుతున్నాడు. నీళ్ళ చప్పుడు ఆగింది. గొట్టం కింద పడేసిన చప్పుడు. తర్వాత బురదలో అడుగులు, మెల్లగా, చప్పుడు కాకుండా వేద్దామని వేస్తున్నట్టు.

నా వెనక వచ్చి ఆగాయి.

తల తిప్పితే చాలు, తెలిసిపోయేది. నా మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నేను మాత్రం తల వంచుకుని, కట్టు ఇంకో చుట్టు చుట్టి, గట్టిగా ముడి వేశాను.